ఖాళీ గడి

నారాయణగూడ చౌరస్తా దాటి బస్సు నాలుగు బారలు కదిలి మళ్ళీ ఆగింది. స్వరూప తమ్ముడికి పదకొండోసారి ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్ అని చెప్పే ఆడగొంతు పదకొండోసారి కూడా అంతే మర్యాదగా చెప్పింది. ఆ గొంతుకేం పోయింది, దానికి తమ్ముళ్ళు లేరు. పొద్దుట కురిసిన వానకు రోడ్డు మీద నీళ్ళు నిలిచి ఆటోలు, బండ్లు, బస్సులు ఒకదానికొకటి అడ్డం పడి ఉన్నాయి. డ్రైవర్ ఇంజన్ ఆపేసి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కూర్చున్నాడు. సాయంత్రం నాలుగు కూడా కాలేదు, ఆకాశం మాత్రం దీపాల వేళలా ఉంది. దోమ ఒకటి ఆమె మోచేతి మీద వాలింది. కొట్టడానికి చెయ్యెత్తి, దాని కాళ్ళ మీద తెల్ల చారలున్నాయేమోనని వంగి చూస్తూ ఉండిపోయింది. ఇంతలో అది ఎగిరిపోయింది. ఇంతసేపూ ఏదో ఒక పని చేస్తూనే ఉంది, సంచి తీసుకోవడం, చెప్పులు వేసుకోవడం, మెట్లు దిగడం, బస్సెక్కడం. ఇప్పుడు చెయ్యడానికేమీ లేకపోయేసరికి భయం పక్క సీట్లో వచ్చి కూర్చుంది. సాగర్‌కు ఏమన్నా అయితే? అయితే ఏమిటి, ఈపాటికే అయివుంటే? అయివుంటే అది చేసింది దోమ కాదు, నువ్వు.

అరగంట క్రితం, తను వెబ్‌సైట్ చేసిపెట్టిన ల్యాబ్ కౌంటర్లో కూర్చునే మాధురి ఆఫీసుకు ఫోన్ చేసింది. మంచి పిల్ల, ప్రతిదానికీ "చిన్న డౌటు మేడం" అంటుంది. "చిన్న డౌటు మేడం. మనం విద్యానగర్ మెయిన్ ల్యాబుకు పంపిన శాంపిళ్ళున్నయి గద, శనివారం నుంచి ఆడ డెంగ్యూ కిట్లే లేవట. ఒక్క టెస్టు గూడ చెయ్యలేదట. మరి మన సైట్ల అందరికి నెగెటివ్ అని ఎట్ల వస్తున్నది?" స్వరూప నవ్వబోయింది. అట్లెట్ల వస్తది, చూసి చెప్తానంది. చూసింది. మెయిన్ ల్యాబ్ నుంచి వచ్చిన సమాచారం తెర మీద పరుచుకుంది, కాలేజీలో ఫ్లవర్ బ్రాకెట్లని చదువుకున్న ఆ వంకర బ్రాకెట్ల మధ్య, ఒక్కో రోగికి ఒక్కో మూట: పేరు ఇది, వయసు ఇది, రక్తకణాలు ఇన్ని, అని వరుసలు వరుసలుగా. దాన్ని జేసన్ అంటారు. ఆ మూట విప్పి, ఒక్కో వరుసను దాని గడిలో పెట్టి, జావా అనే కంప్యూటర్ భాషలో రిపోర్ట్ అనే ఒక ఆబ్జెక్టును తయారుచేసే ప్రోగ్రాం స్వరూపదే. ఆ ఆబ్జెక్టు ఏం చెబితే వెబ్‌సైట్ అదే చూపిస్తుంది. డెంగ్యూ వరుస ఆ మూటల్లో అసలు లేనే లేదు. ఉందనీ రాలేదు, లేదనీ రాలేదు. కాని ఆమె కట్టిన గడికి ఆ రెండు మాటలే వచ్చు, ఉంది, లేదు. ఎవరూ ఏమీ వెయ్యకపోతే అది తనంతట తానే 'లేదు' అని పెట్టుకుని కూర్చుంటుంది. నలభై రెండు మంది. పందొమ్మిదో పేరు సాగర్, వయసు ఇరవై నాలుగు, అశోక్‌నగర్.

తెలియక చేసిందా? తెలియక చేస్తే ఇంత వణుకుండేది కాదు. మార్చి నెలలో ల్యాబ్ యజమాని ముందు మొదటిసారి చూపించిన రోజు, గడి వేరేలా ఉండేది. అందులో మూడు మాటలకు చోటు ఉండేది, ఉంది, లేదు, ఇంకా తెలియదు. ఆ మూడో మాటను ఎలా చూపించాలో రాయడం మరిచిపోయింది. ఒక మూటలో వరుస రాలేదు, తెరంతా తెల్లబోయి ఎర్ర అక్షరాలు పడ్డాయి. యజమాని గడియారం చూసుకున్నాడు. ఆయన వెళ్ళాక, ఆమె పనిచేసే కంపెనీ నడిపే జగన్నాథరావు సార్ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "చూడు స్వరూపా, తప్పొస్తే రానీ, కాని స్క్రీన్ మీద కనపడొద్దు. కస్టమర్ ముంగట ఇజ్జత్ పోతది" అన్నాడు. నాలుగు బల్లల ఆఫీసు, కింద జిరాక్సు సెంటరు, జీతానికి లోటు చెయ్యని మనిషి. ఆమె ఆ రోజే కూర్చుని మూడో మాటను తీసేసింది. అయిదు నిమిషాల పని. తీసేస్తూ, వరుస రాకపోతే? అని అనుకున్న మాట నిజం, ఎందుకు రాదు, టెస్టు చేస్తే వస్తుంది కదా, అని తనకు తానే జవాబు చెప్పుకున్న మాటా నిజం. ఆ తర్వాత ఆరు నెలలు తెర ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. సార్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. కంచే చేను మేస్తే బయటివాళ్ళకేం తెలుస్తుంది, దూరానికి చేను పచ్చగానే కనిపిస్తుంది.

ఇక బస్సు కదలదు. దిగింది. మడమల దాకా నీళ్ళు. చిక్కడపల్లి వైపు నడిచేవాళ్ళంతా చెప్పులు చేత్తో పట్టుకుని, గోడల పక్కన ఒకరి వెనక ఒకరు పోతున్నారు. ఆమె నీళ్ళలోనే నడిచింది. ఆదివారం కూడా ఇదే తోవ, సాగర్ పక్కన ఉన్నాడు, ఒళ్ళు కాలుతోంది, శుక్రవారం నుంచి జ్వరం. ల్యాబుకు తీసుకొచ్చి తనే కూర్చోబెట్టింది. సూది గుచ్చుతుంటే వాడు మొహం తిప్పుకుని, "అక్కా, వచ్చే ఆదివారం మాక్ టెస్టున్నది, అప్పటిదాక తగ్గుతదా?" అని అడిగాడు. వాడికెప్పుడూ మాక్ టెస్టే. నోటిఫికేషన్ ఇంకా పడలేదు, తెలంగాణ ప్రకటన వచ్చింది కదా, ఇక కొలువులే కొలువులని హాస్టళ్ళన్నీ నిద్ర మానుకుని చదువుతున్నాయి. డాక్టరు చీటీ రాస్తూ ఒక్కటే చెప్పాడు. డెంగ్యూ కాదని తేలేదాకా జ్వరం గోళీ తప్ప ఇంకే నొప్పుల గోళీ వేసుకోవద్దు, లోపల రక్తం కారుతుంది. ఇద్దరూ విన్నారు, ఇద్దరూ తలూపారు. సోమవారం సాయంత్రం వాడే ఫోన్ చేసి, అక్కా, ఒళ్ళు విరుస్తున్నది, నడుము నిలుస్తలేదు, రిపోర్టు వచ్చిందా అన్నాడు. ఆఫీసులో కూర్చుని సైటు తెరిచి చూసింది. నెగెటివ్. ఎంత హాయిగా ఊపిరి పీల్చుకుంది! "ఏం లేదురా, వట్టి వైరల్ జ్వరం. నొప్పుల గోలి ఏస్కో, ఏం గాదు." వాడు "పక్కానా అక్కా?" అన్నాడు. "నా ప్రోగ్రామేరా. అబద్ధం చెప్పదు" అంది. ఈ మాట గుర్తుకు రాగానే నడిరోడ్డు మీద కాళ్ళు ఆగిపోయాయి. వెనకవాడు హారన్ కొట్టాడు.

ఈ పొద్దున ఆరింటికి ముందు మెసేజ్ వచ్చింది. జ్వరం తగ్గింది, లైబ్రరీకి పోతున్న. చూసి నవ్వుకుని, టిఫిన్ తినిపో అని కూడా రాసింది. మాధురి ఫోన్ పెట్టేశాక ఇంటర్నెట్‌లో చదివింది, జ్వరం తగ్గిన రోజు నుంచే కనిపెట్టి ఉండాలట, రక్తకణాలు పడిపోవడం, కడుపు నొప్పి, చిగుళ్ళ నుంచి రక్తం, అన్నీ జ్వరం దిగాకే మొదలవుతాయట. అందరూ అమ్మయ్య అనుకునే రోజే అది. ఇంకా కిందికి చదవబోయి కంప్యూటర్ మూసేసింది. ఆరు దాటితే సాగర్ వాళ్ళ హాస్టల్ గదిలో నాలుగు ఫోన్లూ ఆపేసి ఒక ఇనుప డబ్బాలో పెట్టి తాళం వేస్తారు. తాళంచెవి అదే గదిలో ఉండే ఇంద్రసేన దగ్గర ఉంటుంది, రాత్రి తొమ్మిది దాకా దేవుడు దిగొచ్చినా ఇవ్వడు. ఈ కట్టుబాటు పెట్టింది సాగరే. ఫోన్ మోగింది. వాడేనేమోనని చూసింది. జగన్నాథరావు సార్. "స్వరూపా, నువ్వు సీట్ల లేవేంది? మాధురి చెప్పింది. పరేషాన్ గాకు. నేను సైటు బంద్ చేపిస్త, నువ్వు నిమ్మళంగ వచ్చి సరిచెయ్యి. జర ఎవ్వరికి ఫోన్లు చెయ్యకు, సరేనా?" "సార్, ఆ లిస్టుల మా తమ్ముడున్నడు." "అయ్యో" అన్నాడు. నిజంగానే అన్నాడు. మళ్ళీ, "అయినా ఇంకెవ్వరికి చెయ్యకమ్మా" అన్నాడు.

ఖాళీ గడి అంటే అందరికీ ఎందుకింత భయం? జూన్ ఒకటి. అదెందుకు గుర్తొచ్చిందిప్పుడు? సిద్దిపేట దగ్గర ఊళ్ళో తనను బడిలో చేర్పించిన రోజు ఎంకయ్య సారు రిజిస్టరు తెరిచి, పుట్టిన తారీఖెప్పుడు కమలవ్వా అని అడిగాడు. అమ్మ చాలాసేపు ఆలోచించి, పెద్దవాన పడ్డ యేడు సారూ, మక్కలు ఇంటికొచ్చే యాల్ల అంది. మొక్కజొన్న కోతలప్పుడు, అంటే కార్తీకమో ఏమో. సారు కలం పట్టుకుని ఆగాడు. గడి ఖాళీగా ఉంచితే పైనుంచి అడుగుతరమ్మా, అన్నాడు, జూన్ ఒకటి అని రాశాడు. మూడేళ్ళకు సాగర్‌కూ జూన్ ఒకటే రాశాడు. వాళ్ళ తరగతిలో ఇరవై ముగ్గురు జూన్ ఒకటినే పుట్టారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒక్క రోజే కన్నారా అని టౌను హైస్కూల్లో నవ్వారు. పాపం సారుది చెడ్డ బుద్ధి కాదు, జగన్నాథరావుదీ కాదు, తనదీ కాదు. తెలియదు అని రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, అంతే. నాన్నకు కడుపులో గడ్డ అని పట్నం డాక్టర్లకు అనుమానం వచ్చినప్పుడు కూడా ఇంట్లో ఎవరడిగినా అమ్మ, ఏం లేదు బిడ్డా, అరగక నొస్తున్నది అనేది. అమ్మకూ తెలియదు. తెలియదనే మాట నోటికి రాకపోతే నాలుక మీద ఏది ఉంటే అది చెబుతారు. నాన్న రామచంద్రం ఆ మాట నమ్మి, చనిపోయే పది రోజుల ముందు దాకా నాగలి పట్టాడు. సాగర్ కూడా నమ్మాడు. వద్దు, నాన్న సంగతి వద్దు, ఇప్పుడు అది తలుచుకోకూడదు.

చిక్కడపల్లి లైబ్రరీ గేటు. తెల్లవారుజామున ఇక్కడ మనుషుల కన్నా ముందు సంచులు వరుసలో నిలబడతాయి, సంచి ఉంటే దాని మనిషి ఉన్నట్టే లెక్క, ఎవరూ కదపరు. తను కూడా రెండేళ్ళు ఇక్కడ సంచి పెట్టినదే, ఆ తర్వాత కొలువుల మీద ఆశ వదులుకుని కంప్యూటర్ నేర్చుకుంది. చదువుల హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు, కాగితాల చప్పుడు. తడిసిన చీర కుచ్చిళ్ళు ఈడ్చుకుంటూ బల్లల మధ్య నడుస్తుంటే తలలు లేచి మళ్ళీ వంగుతున్నాయి. కిటికీ పక్కన మూడో బల్ల. నీలం సంచి కనిపించింది. భుజం పట్టీ తెగితే తనే కుట్టింది, అదే ఎర్రదారం. బల్ల మీద పాలిటీ పుస్తకం తెరిచి ఉంది, కుర్చీ మీద దస్తీ పరిచి ఉంది. స్వరూపకు ఏడుపొచ్చింది, సంతోషంతో. ఉన్నాడు. చాయ్ తాగడానికి పోయి ఉంటాడు. పక్క కుర్చీలో ఇంద్రసేన గీతలు గీస్తూ చదువుతున్నాడు, మెదక్ పిల్లవాడు, సాగర్‌కు ప్రాణం. భుజం తట్టింది. "అక్కా? నువ్వేంది గిట్ల?" "సాగరేడి?" "గీడనే ఉంటడు, సంచున్నది గద." "ఎప్పుడు లేచి పోయిండు?" ఇంద్రసేన ఖాళీ కుర్చీ వంక చూశాడు. కలం మూత పెట్టాడు. "అక్కా, పొద్దుగాల వాని సంచి నేనే తెచ్చి పెట్టిన. పుస్తకం గూడ నేనే తెరిచి పెట్టిన, సీటు పోతదని. జర నడుం వాల్చి వస్తనన్నడు." లేచి నిలబడి, "చదువుల పడి నేను చూస్కోలేదక్కా. సంచుంటే వచ్చిండనే అనుకున్న" అన్నాడు. పదిగంటల పాటు ఆ కుర్చీ మీద దస్తీ ఒక్కటే కూర్చుని ఉంది.

అశోక్‌నగర్ సందుల్లో ఆ తర్వాత ఎలా నడిచిందో తెలియదు. బోర్డులు, మెస్సుల బోర్డులు, కోచింగుల బోర్డులు, ర్యాంకులొచ్చినవాళ్ళ ఫొటోలు, వానకు తడిసి ఊడి వేలాడుతున్నాయి. ఇంద్రసేన ముందు పరిగెడుతున్నాడు. మూడో అంతస్తు. మెట్లకు అంతం లేదు. చిన్నప్పుడు సాగర్ బావి మెట్ల మీద జారితే జుట్టు పట్టుకుని లాగింది, ఆ రోజు చేతికొచ్చింది ఇంత కుచ్చు, వాడు ఏడుస్తూ జుట్టుకోసం తిట్టాడు. దొరకాలి. ఇవాళ కూడా జుట్టు దొరికితే చాలు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల నాలుగు మంచాలు, ఇనుప డబ్బా, దండెం మీద తడి బట్టలు. వాడు మంచం మీద లేడు. మంచానికీ గోడకూ మధ్య కింద కూర్చుని, మోకాళ్ళు కడుపుకు అదుముకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమెను చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. పళ్ళ మధ్య ఎర్రగా ఉంది. "ఏం లేదక్కా. కడుపుల జర నొస్తున్నది." చెయ్యి పట్టుకుంది. మంచులా ఉంది. జ్వరం తగ్గింది, నిజంగానే తగ్గింది, ఇంత చల్లటి చెయ్యి వాడిది కాదు. "నొప్పుల గోలీలెన్ని మింగినవ్ సాగర్?" "నువ్వు చెప్పినవ్ గదా. పూటకొకటి." అమ్మలాగే ఎవరి మీదా నేరం మోపకుండా చెప్పాడు. ఆ గొంతులో కోపం లేకపోవడమే ఆమెకు భరించరానిదయింది.

ఆటోలో సాగర్ తల ఆమె ఒళ్ళో ఉంది. ఇంద్రసేన ముందు డ్రైవర్ పక్కన వేలాడుతూ, అన్నా జరగండ్రి, పేషెంటున్నడు, అని దారంతా అరుస్తూ వచ్చాడు. దవాఖానలో సిస్టరు కాగితం అట్ట మీద పెట్టుకుని వచ్చింది. జ్వరమెన్ని రోజులు, ఆరు, వాంతులున్నయా, ఉన్నయి. డెంగ్యూ టెస్టు చేయించిన్రా? స్వరూప నోరు తెరిచేలోపే ఇంద్రసేన ధీమాగా చెప్పాడు: "చేయించినం సిస్టర్. నెగెటివ్. అక్కదే ఆ సాఫ్ట్‌వేర్, అక్కనే చూసి చెప్పింది." సిస్టరు కలం కాగితం మీద కదలడం మొదలుపెట్టింది. ఆ ఒక్క మాట పడితే డాక్టరు ఇంకెటో వెతుకుతాడు, కామెర్లనో, అల్సరనో, ఇంకేదో. "రాయకుండ్రి" అంది. గొంతు పెద్దగానే వచ్చినట్టుంది, బెంచీల మీద ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. "నెగెటివ్ కాదు. టెస్టే చెయ్యలేదు. నా తప్పు. ఉన్నదో లేదో తెల్వదు. తెల్వదని రాయుండ్రి. నొప్పుల గోలీలు వేస్కున్నడు, అది గూడ నేనే చెప్పిన, అది గూడ రాయుండ్రి." ఇంద్రసేన ఆమె మొహంలోకి చూశాడు. సిస్టరు రాసుకుని, స్ట్రెచర్‌ను తనే తోసుకుంటూ లోపలికి పరిగెత్తింది.

ఎంతసేపటికో డాక్టరు తలుపు తెరుచుకుని వచ్చాడు. వయసులో తనకన్నా చిన్నవాడు. కణాలు బాగా పడిపోయాయి, సెలైన్లు పెట్టాం, నొప్పుల గోళీల సంగతి చెప్పడం మంచిదయింది, అన్నాడు. బతుకుతాడా అని అడగలేకపోయింది, కళ్ళతో అడిగింది. "ఇప్పుడే ఏం చెప్పలేమండి. రేపు మధ్యాహ్నం దాక చూడాలె" అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. స్వరూప గోడకు ఆనుకుని బెంచీ మీద కూర్చుంది. ఈ ఆరు రోజుల్లో తమ్ముడి గురించి ఆమె విన్న నిజం ఆ 'చెప్పలేం' ఒక్కటే.

సంచిలో కాగితం తగిలింది. ఆఫీసు నుంచి పరిగెత్తేముందు ప్రింటు తీసి ఎందుకు పెట్టుకుందో అప్పుడు తెలియదు. నలభై రెండు పేర్లు, నంబర్లు. సైటు బంద్ అయి ఉంటుంది. బంద్ అయితే ఏం, సోమవారం చూసుకున్నవాళ్ళు చూసుకున్నారు, ఊపిరి పీల్చుకున్నారు, గోళీలు వేసుకున్నారు. ఎవ్వరికీ ఫోన్ చెయ్యకమ్మా అన్నాడు సార్. కొలువు పోతుంది, పోలీసులొస్తారేమో, ల్యాబువాళ్ళు ఊరుకోరు, అమ్మకు ఏమని చెప్పాలి? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, కాని ఇంకా కాలని చేతులెన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు? వేళ్ళు తడిగా ఉండి మీటలు సరిగా నొక్కుకోవడం లేదు. మొదటి పేరు ఒక పాపది, తొమ్మిదేళ్ళు, అంబర్‌పేట్, నంబరు అమ్మమ్మ యశోదమ్మది. రెండు రింగులకే ఎత్తారు. వెనక టీవీ మోగుతోంది, ఎవరో చిన్నపిల్ల నవ్వుతోంది.

"అమ్మా, మీ పాప డెంగ్యూ రిపోర్టు గురించి చేస్తున్న. నేను స్వరూపను, కంప్యూటర్ల ఆ రిపోర్టు తయారుచేసేది నేనే."

"ఆ చూసినం బిడ్డా, ఏం లేదని వచ్చింది గద. దేవుని దయ. జ్వరం గూడ పొద్దుగాలనే దిగింది."

స్వరూప కళ్ళు మూసుకుంది.

"అమ్మా, అది మేం తెల్వకుండ చెప్పినం. టెస్టే కాలేదు."

టీవీ చప్పుడు ఆగిపోయింది. "అంటే? ఉన్నదా మరి, లేదా?"

"తెల్వదమ్మా" అంది స్వరూప. "నాకు తెల్వదు. పాపకు ఏ గోలీలు వెయ్యకుండ్రి. ఇప్పుడే లేపుకొని దవాఖానకు పొండ్రి. ఇప్పుడే, అమ్మా."

అటువైపు ఫోన్ కింద పడిన చప్పుడు, ఎవరినో కేకవేసి పిలుస్తున్న చప్పుడు వినిపించాయి. లోపలి గది తలుపు ఇంకా మూసే ఉంది. స్వరూప కాగితాన్ని మోకాలి మీద చదును చేసి, రెండో నంబరు నొక్కింది.